సైరన్ ఎవరికి వినపడింది

మా మిల్లు పత్రిక మొదటి సంచికను క్యాంటీనులో బోండాలు చుట్టడానికి వాడారు. రెండో సంచికను మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆడవాళ్లు కింద పరుచుకున్నారు. రెండూ రాసింది నేనే కాబట్టి రెండుసార్లూ నాకు ఒళ్లు మండింది. ఉండబట్టలేక బోండాల అతన్ని అడిగేశాను కూడా. అతనేమీ తడబడలేదు. "కాయితం బాగుందక్కా, నూనె బాగా పీలుస్తాంది" అన్నాడు.

ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే రోడ్డు మీద ఒక నూలు మిల్లులో నేను టైం ఆఫీసులో పని చేస్తాను. ఎవరు ఏ షిఫ్టుకు వచ్చారు, ఎవరు ఏ మిషను దగ్గర నిలబడాలి, ఎవరికి సెలవు, ఇదంతా నా బల్ల మీదుగా పోతుంది. కొత్తగా వచ్చిన మేనేజరు ఒకరోజు నన్ను పిలిచి, పెద్ద కంపెనీలన్నిటికీ నెలనెలా ఒక పత్రిక ఉంటుందనీ, మనకూ ఉండాలనీ, అది నేనే తేవాలనీ చెప్పారు. నోటీసు బోర్డు మీద నేను రాసేవాటిలో తప్పులుండవని ఎవరో చెప్పారట. తప్పుల్లేకుండా రాసేవాళ్ల దగ్గర చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం నన్ను నాలుగు పేజీలు నింపే గతికి తెచ్చింది.

మొదటి సంచికలో యజమాని పూలదండతో ఉన్న ఫొటో, పుట్టినరోజులు, ఎండాకాలం తీసుకోవలసిన జాగ్రత్తలు, ఒక పొడుపుకథ వేశాను. రెండో సంచికలో అవే వేసి పొడుపుకథ మార్చాను. బోండాలవాడిని తప్పుపట్టడానికి ఏమీ లేదని నాకూ లోలోపల తెలుసు. మూడో సంచికకు ఏం రాయాలో తోచక ఫోనును అడిగాను. మీ ఉద్యోగుల పెంపుడు జంతువులను పరిచయం చేయండి అని సలహా ఇచ్చింది. సరే, అదీ చూద్దామని పెద్దకడుబూరు వైపు నుంచి వచ్చే ఒకామెను మీ ఇంట్లో ఏమున్నాయమ్మా అని అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "రెండు బర్రెగొడ్లుండాయక్కా. ఒకటి ఈనింది, ఇంగోటి సూడిది. దేన్నెయ్యమంటావు పేపర్లో?" అంది. ఎగతాళికి అన్నదో, నిజంగానే అడిగిందో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం ఆ సలహాను వదిలేశాను.

ఆ వారంలోనే బ్లో రూములో దూదికి నిప్పంటుకుంది. పత్తి బేళ్లు విప్పి దులిపే గది అది. అక్కడ అప్పుడప్పుడూ నిప్పు రేగడం మామూలే. సైరన్ మోగింది, అందరూ బయటికొచ్చారు, నీళ్లు కొట్టారు, టీ తాగి మళ్లీ లోపలికి పోయారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆవరణలో నిలబడ్డవాళ్లను లెక్క చూసుకుంటున్నప్పుడు మేనేజరు కంట్లో ఒకామె పడింది. నూలు వడికే రింగు ఫ్రేముల షెడ్డులో తెగిన పోగులు అతికే అమ్మాయి. పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. ఆమె వదినా అదే షెడ్డులో పని చేస్తుంది, తనతోపాటు తెచ్చి చేర్పించింది. ఆమెకు వినపడదన్న సంగతి మేనేజరుకు అప్పుడే తెలిసింది.

మర్నాడు నన్ను పిలిచారు. "సైరన్ వినపడని మనిషిని మిషన్ల మధ్య పెట్టుకుంటే రేపేదైనా జరిగితే నా మెడకు చుట్టుకుంటుంది. ఒకటో తేదీ నుంచి ఆమెను వెనక గోదాముకు వెయ్యండి" అన్నారు. వేస్టు దూదిని మూటలు కట్టే గోదాము అది. మిల్లుకు ఒక మూల ఉంటుంది. ఆయన చెడ్డవాడు కాదు. జీతం తగ్గించలేదు, పని కూడా తేలికే. నేను సరేనని వచ్చి వచ్చే నెల చార్టు ముందేసుకున్నాను.

వదినను పిలిపించి చెప్పాను. ఆమె నిలబడ్డచోటే నిలబడి ఏడ్చింది. పని తేలిక అవుతుంది కదమ్మా అంటే కళ్లు తుడుచుకుని నాకు విషయం చెప్పింది. "ఊర్లో దానితో మాట్లాడేటోళ్లు నేను తప్ప ఎవురూ లేరక్కా. దాని అన్నకు గూడా సరీగా రాదు. ఈ షెడ్డుకొచ్చినాకనే అది మనిషయింది. ఈడ అందురూ దానితో మాట్లాడతారు. ఆ గోదాములో మూటలతో ఏం మాట్లాడుతుంది?"

అందరూ మాట్లాడతారా అని నేను ఆశ్చర్యపోయాను. ఎట్లా మాట్లాడతారు? నాకు చిన్నప్పటినుంచీ అడిగే జబ్బు ఉంది. మా నాన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. నా ప్రశ్నలు భరించలేక కొన్నిసార్లు ఆయన మగ్గం దిగి బయటికి పోయేవాడు. అదే జబ్బు నన్ను ఆరోజు షెడ్డులోకి తీసుకుపోయింది.

రింగు ఫ్రేముల షెడ్డులో మాట పనికిరాదు. మగ్గం చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని నాకేం లెక్క అనుకునేదాన్ని గానీ, లోపలికి పోయి నిలబడితే నా గొంతు నాకే వినపడలేదు. చెప్పాల్సింది ఉంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. చార్టు అంటించి రెండు నిమిషాల్లో బయటపడటమే తప్ప, అంతకుముందు నేనెప్పుడూ అక్కడ ఊరికే నిలబడి చూడలేదు. ఆరోజు గోడకు ఆనుకుని నిలబడ్డాను. కాసేపటికి చేతులు కనపడటం మొదలయ్యాయి. మిషన్ల మధ్య ఈ సందులో ఒకామె రెండు చిటికెన వేళ్లు కొక్కెంలా కలిపి విడదీసింది. అవతలి సందులో ఇంకొకామె తలూపి పోయి తెగిన పోగు అతికింది. ఒకామె పిడికిలి మీద పిడికిలి పెట్టింది. కండెలు నిండాయట. మరొకామె తల పైన చెయ్యెత్తి కడ్డీ పట్టుకున్నట్టు ఊగి, ముఖం అదోలా పెట్టింది. పొద్దున బస్సులో నిలబడే వచ్చానని ఆమె బాధ. వాళ్లు గడగడా మాట్లాడుకుంటున్నారు. ఆ షెడ్డులో ఇంత సంభాషణ జరుగుతోందని టైం ఆఫీసులో కూర్చున్న నాకు ఇన్నేళ్లుగా తెలియదు.

ఆ అమ్మాయి నాలుగో సందు మలుపులో నిలబడి ఉంది. అందరికంటే ఆమె చేతులే ఎక్కువ ఆడుతున్నాయి. మధ్యలో ఎవరినో వెక్కిరించింది, అవతల ముగ్గురు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు కూడా నాకు వినపడలేదు, కనపడింది అంతే.

బయటికొస్తుంటే నాకు మూడో సంచిక దొరికింది. ఒకే ఒక ప్రశ్న. నిప్పంటుకున్న రోజు సైరన్ ఎవరికి వినపడింది?

ఆ ప్రశ్న పట్టుకుని అన్నాలవేళ క్యాంటీనులో తిరిగాను. మొదట అడిగింది షెడ్డులో అందరికంటే పెద్దామెను. హొళగుంద దగ్గర నుంచి వస్తుంది, సగం కన్నడం, సగం తెలుగు. రాగిముద్ద తుంచుకుంటూ, "సుమ్మనె, ఊరికే తిక్క ప్రశ్నలడుగుతావు. ఆ మిషన్ల రంపులో సైరన్ యాడ యినపడుతుంది? పక్క సందులామె సెయ్యి సూపిచ్చింది, నేను పోయినా" అంది. పక్క సందులామె దగ్గరికి పోయాను. ఆమెకూ వినపడలేదు. ఆమెకు ఎదురు సందులో ఉండే బర్రెగొడ్లామె చెప్పిందట. బర్రెగొడ్లామెను అడిగితే, "మలుపుకాడుండే పిల్ల సెప్పింది" అంది. మరొక వరసను పట్టుకుని అడుక్కుంటూ పోయాను. ఆ వరసా పోయి పోయి మలుపు దగ్గర ఆగింది.

సైరన్ విన్నవాళ్లు షెడ్డు మొత్తంలో లేరు. తలుపు దగ్గరుండే ఒకామెకు బయట వాచ్‌మన్ టవలు ఊపడం కనిపించింది, అంతే. ఆ తలుపు నుంచి మొదటి మూడు సందులే కనపడతాయి. వెనక సందులవాళ్లకు మిషన్లు అడ్డం. తలుపూ కనపడి వెనక వరసలూ కనపడే చోటు షెడ్డులో ఒక్కటే ఉంది, అది నాలుగో సందు మలుపు. అందరినీ చూస్తూ ఉంటుందని ఆ అమ్మాయిని వదిన అక్కడ నిలబెట్టింది. వెనక సందుల్లో ఉన్న వాళ్లందరికీ నిప్పని చెప్పింది ఆమే.

ఇదంతా కాగితం మీద గీసుకున్నాను. వదినను తోడు తీసుకుని క్యాంటీనులోనే ఉన్న ఆ అమ్మాయి దగ్గరికి పోయాను. నీకెట్లా తెలిసింది అని అడిగించాను. ఆమె చేతులు తిరుగుతుంటే వదిన చెప్పింది. "తలుపుకాడామె పోగు తెగింది సూసి గూడా అతక్కుండా తిరుక్కునిందంట. తెగిన పోగును ఎవురూ అట్ల ఇడిసిపెట్టరు గదా. ఏందో అయ్యిందని బయటికి సూసినాదంట." తర్వాత ఆమె ఐదు వేళ్లూ పైకెత్తి ఆడించింది. అది నిప్పు. ఎవరూ చెప్పకుండానే దాన్ని గుర్తుపట్టాను, ఆ సంతోషం ఆరోజంతా ఉండింది.

నేను సంబరంగా, మీ సైగలన్నీ ఫొటోలు తీసి పత్రికలో వేస్తాను అన్నాను. మేనేజరుగారికి మీ భాష అర్థమైతే ఆమెను పంపరు అన్నాను. క్యాంటీనులో ఒక్కసారిగా అందరూ తినడం ఆపారు. హొళగుంద పెద్దామె నన్ను ఎగాదిగా చూసింది.

"మా మాటలన్నీ గోడకంటిస్తే మేం యాడ మాట్లాడుకునేది?"

నేను దాని గురించి ఆలోచించలేదు. వాళ్లు నవ్వుకునే నవ్వుల్లో సగం మేనేజరు మీద, మేస్త్రీల మీద, కొంత నా మీద అయి ఉంటుంది. మనుషులందరికీ ఒక్కో సైగ పేరు ఉందట. నాదేమిటని అడిగాను. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి బర్రెగొడ్లామె ముక్కును వేలితో రెండుసార్లు తట్టి చూపించింది. అన్నిట్లోనూ ముక్కు పెడతానని. కోపం రావలసింది గానీ నవ్వొచ్చింది. ఇంట్లో వాళ్లు పెట్టిన పేరు కంటే నాకదే బాగా సరిపోయింది.

సైగలు నాకు ఇవ్వాలా వద్దా అని వాళ్లలో వాళ్లు రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. నాకు అర్థం కాకూడదని నా ఎదురుగానే చేతులతో పోట్లాడుకున్నారు. ఇస్తే పిల్ల నిలుస్తుందని వదిన వైపువాళ్లు, ఇస్తే మన గుట్టంతా పోతుందని పెద్దామె వైపువాళ్లు. ఆ అమ్మాయి ఎటూ చేరకుండా ఇద్దరి చేతులూ చూస్తూ కూర్చుంది. ఆమె ముఖం చూసి నాకు దిగులేసింది. మూడో రోజు పెద్దామే టైం ఆఫీసుకు వచ్చి తీర్పు చెప్పింది. పని సైగలు ఇస్తారు. మనుషుల సైగలు ఇవ్వరు. ఎవరైనా వస్తున్నారని చెప్పుకునే సైగ అసలే ఇవ్వరు. "అది మాత్రం నీకు గూడా సూపియ్యం" అంది. నేను ఒప్పుకున్నాను. ఫొటోల్లో చేతులు ఆ అమ్మాయివే ఉండాలన్నది కూడా వాళ్ల తీర్పే.

ఫొటోలు తీసే రోజు ఆమె మోచేతి దాకా కొత్త ఆకుపచ్చ గాజులు వేసుకుని వచ్చింది. మిషను దగ్గర గాజులు వేసుకోనివ్వరు కాబట్టి అన్నాలవేళ క్యాంటీను గోడ దగ్గర నిలబెట్టి ఫోనుతో తీశాను. ప్రతి ఫొటో చూపించమని అడిగింది. నచ్చకపోతే మళ్లీ తీయించింది. నిప్పు సైగకు వేళ్లు సరిగా పడలేదని ఎన్నిసార్లు తీయించిందో. నాకు ఓపిక తక్కువ, అయినా ఆరోజు విసుక్కోలేదు.

మూడో సంచికలో యజమాని ఫొటో లేదు, పొడుపుకథ లేదు. నాలుగు పేజీల్లోనూ ఆకుపచ్చ గాజుల చేతులు, మధ్యలో నా ప్రశ్నా, దానికి వచ్చిన జవాబులూ, వార్త తలుపు దగ్గర నుంచి వెనక సందుకు ఎట్లా చేరిందో చూపించే ఒక పటం. గేటు దగ్గర అంటించిన రోజు షిఫ్టు దిగినవాళ్లు బస్సు పోతున్నా నిలబడి చూశారు. బ్లో రూము మగవాళ్లు చిటికెన వేళ్లు కలిపి లాగుతూ సాధన చేశారు. బోండాల అతను తనకొక కాపీ కావాలని వచ్చాడు. దేనికని అడిగాను. "సదువుకునేకే లేక్కా" అన్నాడు నొచ్చుకుంటూ.

మధ్యాహ్నానికి మేనేజరు నుంచి పిలుపొచ్చింది. పత్రిక ఆయన ముందుంది. "సైరన్ ఒక్కరికీ వినపడదని అచ్చువేసి గేటుకు అంటిస్తారా? బయటివాళ్లు చూస్తే?" అన్నారు. వినపడదు కాబట్టి రాశాను సార్, అన్నాను. నా గొంతు కాస్త పెరిగిందనే అనుకుంటా. ఆయన పటాన్ని మళ్లీ చూశారు. తర్వాత ఫోను చేసి, షెడ్డులో సందు సందుకూ సైరనుతోపాటు వెలిగే ఎర్రదీపాలు పెట్టడానికి ఎవరినో రమ్మన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. దీపమైతే ఆ అమ్మాయికీ కనపడుతుంది కదా సార్, ఇంక గోదాము ఎందుకు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "దీపాలు వచ్చినప్పుడు చూద్దాం. అవి వచ్చేలోపల ఇంకోసారి నిప్పంటుకుంటే? ఆర్డరు ఆర్డరే. ఒకటో తేదీ నుంచి గోదాము."

ఇంటికి పోయేటప్పుడు బస్సులో వదిన నా పక్కనే కూర్చుంది. ఆర్డరు మారలేదని చెప్పే ధైర్యం లేక నేను కిటికీ వైపు తిరిగాను. పత్తి ట్రాక్టర్లు ఆదోని మార్కెట్టు వైపు వరసగా పోతున్నాయి. నేను రాసినదంతా ఎర్రదీపాలు తెచ్చింది గానీ మనిషిని నిలబెట్టలేదని నాకు ఏడుపొచ్చింది.

ఒకటో తేదీ పొద్దున కొత్త చార్టు తీసుకుని షెడ్డుకు పోయాను. దాని మీద ఇంకా మేనేజరు సంతకం కాలేదు, ఆ అమ్మాయి పేరున్న గడిని నేను ఖాళీగా వదిలాను. ఆమె ఎప్పటిలాగే నాలుగో సందు మలుపులో పోగులు అతుకుతోంది. ఆర్డరు మారలేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాసేపటికి మేనేజరే వచ్చారు. ఆమె ముందు నిలబడి ఏదో అన్నారు. ఆమె ఆయన నోటి వైపు చూసింది. ఆయన తలుపు వైపు వేలు చూపించారు. ఆమె తలుపు వైపు చూసి, అక్కడ ఎవరూ లేకపోవడంతో మళ్లీ ఆయన వైపు తిరిగింది.

ఆయన వదినను పిలిచి, ఆమె చెవి దగ్గర వంగి అరిచారు. ఆమెకు చెప్పు, గోదాముకు పొమ్మని చెప్పు, అని. వదిన అరచేతులు చీరకు తుడుచుకుంది. తర్వాత ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, పక్కనున్న నాకూ వినపడేంత గట్టిగా చెప్పింది.

"ఆ మాటకు మాకాడ సైగ ల్యా సార్."

ఆయన బర్రెగొడ్లామె దగ్గరికి పోయారు. ఆమె తల అడ్డంగా ఊపింది. హొళగుంద పెద్దామె దగ్గరికి పోయారు. ఆమె ఆయన్ను చూడను కూడా లేదు, ఒక చెయ్యి గాలిలో తిప్పి లేదని చెప్పి పోగు అతుక్కుంది. సందు సందునా ఆయన అడుగుతున్నారు, సందు సందునా తలలు అడ్డంగా ఊగుతున్నాయి. ఎవరూ ముందుగా అనుకున్నట్టు లేదు. అనుకుని ఉంటే మాత్రం నా కళ్లెదుటే అనుకుని ఉంటారు, నేను చూసి కూడా అర్థం చేసుకోలేకపోయి ఉంటాను.

చివరికి ఆయన నా దగ్గరికొచ్చారు. "పత్రికలో అంతా మీరే రాశారు కదా. మీరు చెప్పండి" అని నా చెవిలో అరిచారు.

నాకు వచ్చు. రోజూ సాయంత్రం బస్సు టైముకు బయల్దేరమని వాళ్లు ఒకరికొకరు చూపించుకునే సైగ అది. అరచేయి వెనక్కి విసిరి గడప వైపు చూపించాలి. కొన్ని వారాలుగా చూస్తున్నాను. నా చెయ్యి చార్టును గట్టిగా పట్టుకుంది.

"నాకు నీళ్లడగడం ఒక్కటే వచ్చు సార్" అని నేనూ అరిచాను.

ఆయన నన్ను చూశారు, తర్వాత షెడ్డు మొత్తాన్ని చూశారు. ఈలోగా ఆయన వెనక మిషను మీద ఒక పోగు తెగింది. ఆ అమ్మాయి ఆయన భుజం తట్టి, కాస్త జరగమన్నట్టు చెయ్యి చూపించింది. ఆయన జరిగారు. ఆమె వంగి పోగు అతికి, అలవాటుగా తలెత్తి ఒకసారి తలుపు వైపు, ఒకసారి వెనక వరసల వైపు చూసుకుంది. మేనేజరు నా చేతిలోని చార్టు తీసుకుని, ఖాళీ గడిని చూసి, పెన్ను తీసి అందులో నాలుగో సందు అని ఆయనే రాసి సంతకం పెట్టారు.

ఆయన పోగానే ఆమె వదిన వైపు తిరిగి చేతులు తిప్పింది. ఏమడుగుతోంది అన్నాను.

"ఆ సారు ఏం సెప్పినాడని అడుగుతాంది" అంది వదిన నా చెవిలో. "దారి తెలీక అడిగినాడని సెప్పినా."

ఆమె నమ్మలేదు. వదినను చూసి, నన్ను చూసి, ముక్కును వేలితో రెండుసార్లు తట్టి, నవ్వుతూ కన్నీళ్లు తుడుచుకుంది.